అనంతపురం ఎండలో పారాసెటమాల్ బిళ్ళ: ఎంత నొక్కాలి, ఎలా కరగాలి

ఏప్రిల్‌లో అనంతపురం ల్యాబ్‌లో పారాసెటమాల్ బిళ్ళలు కొడితే ముందు కనబడేవి టోపీలు. డై (పొడిని బిళ్ళగా నొక్కే లోహపు గుంట) లోంచి బయటికొచ్చిన బిళ్ళ చూడ్డానికి నున్నగానే ఉంటుంది. వేలితో పక్కకు నెట్టగానే పైపొర డబ్బా మూతలా ఊడి చేతికొస్తుంది. క్యాపింగ్ అనేది దీన్నే. అప్పుడు చాలామంది చేసే పని ప్రెషర్ వీల్‌ను ఇంకో పావు చుట్టు బిగించడం. దాంతో టోపీ ఇంకా సులువుగా ఊడుతుంది. ఒకవేళ ఊడకపోయినా ఆ బిగింపు ఫలితం డిసల్యూషన్ (బిళ్ళలోని మందు ద్రవంలో ఎంత త్వరగా కరుగుతుందో చూసే పరీక్ష) దగ్గర బయటపడుతుంది. నూటికి తొంభై సార్లు తప్పు మెషీన్‌ది కాదు, ట్రేలో ఎండిపోయిన గ్రాన్యూల్స్‌ది, అంటే పొడిని తడిపి ముద్ద చేసి ఆరబెట్టిన గింజలది.

పది స్టేషన్ల మినీ ప్రెస్ (పది డైలు, వాటిలో పొడిని నొక్కే పంచ్ కడ్డీల జతలు ఉన్న మెషీన్), ట్రే డ్రయర్, మామూలు టెస్టింగ్ సామాను ఉన్న బి.ఫార్మసీ, ఎం.ఫార్మసీ ల్యాబ్‌లో 500 మి.గ్రా. పారాసెటమాల్ బిళ్ళలు 200 చేయడానికి ఈ పద్ధతి సరిపోతుంది. కర్నూలులో, కడపలో ఉన్నవాళ్ళకూ ఇదే వర్తిస్తుంది, అక్కడి ఎండలేం తక్కువ కాదు.

మందు కరుగుతుందా? ముందు ఆ లెక్క తేల్చండి

బిళ్ళ నెమ్మదిగా కరిగితే తప్పు మందుదా, బిళ్ళదా అన్నది మెషీన్ తిప్పకముందే తెలుసుకోవచ్చు. మోతాదును 250 మి.లీ.తో భాగించండి. ఒక గ్లాసు నీళ్ళతో మాత్ర వేసుకుంటే కడుపులో ఉండే ద్రవానికి ఇది లెక్క. 500 ÷ 250 అంటే మి.లీ.కి 2 మి.గ్రా. గది ఉష్ణోగ్రతలోనే పారాసెటమాల్ మి.లీ. నీటిలో దాదాపు 14 మి.గ్రా. కరుగుతుంది, 37 డిగ్రీల దగ్గర ఇంకా ఎక్కువ. కావలసిన దానికి ఏడు రెట్లు. కాబట్టి పారాసెటమాల్ బిళ్ళ డిసల్యూషన్‌లో ఫెయిలైతే మందు మీద నెపం వేయడానికి వీల్లేదు. బిళ్ళ కట్టిన తీరులోనే ఏదో లోపం ఉంది.

ఐబుప్రోఫెన్ 400 మి.గ్రా.కి ఇదే లెక్క వేస్తే కావలసింది మి.లీ.కి 1.6 మి.గ్రా. కడుపులోని ఆమ్లంలో అది కరిగేది 0.05 మి.గ్రా. ప్రాంతంలో. అది బలహీన ఆమ్లం, పీకేఏ (మందులో సగం అయానులుగా మారే పీహెచ్) సుమారు 4.4. పీహెచ్ ఆ గీత దాటాక ఒక్కో అంకె పెరిగినప్పుడల్లా కరిగే పరిమాణం దాదాపు పది రెట్లవుతుందని సూత్రం చెబుతుంది. నిజంగా కొలిస్తే అంత రాదు. కరిగే ఆమ్లమే బఫర్ (పీహెచ్‌ను నిలకడగా ఉంచే ద్రావణం) పీహెచ్‌ను కిందికి లాగుతుంది. అందుకే సాల్యుబిలిటీ కొలిచినప్పుడు చివర్లో పీహెచ్ మళ్ళీ చూసి రాయాలి. మొదట్లో పోసిన బఫర్ పీహెచ్ మాత్రమే రాసిన రికార్డు సగం రికార్డే.

కొలవడం కష్టమేం కాదు. మూత బిగుతుగా ఉండే ఫ్లాస్కులో బఫర్ పోసి, అడుగున కరగని పొడి కనబడేంత ఎక్కువ మందు వేసి, 37 డిగ్రీల షేకర్‌లో పెట్టండి. 24 గంటలకు ఒకసారి, 48 గంటలకు ఒకసారి తీసి చూడండి. రెండు రీడింగులూ కలిస్తే సంతృప్తం అయినట్టు. 0.45 మైక్రాన్ ఫిల్టర్‌లో వడకట్టి, మొదటి 2, 3 మి.లీ. పారబోసి, తర్వాత వచ్చింది తీసుకోండి. ఫిల్టర్ కొంత మందును పీల్చుకుంటుంది కాబట్టే ఆ పారబోత. మన దగ్గర ఇంకో తిప్పలుంది. షేకర్ గదిలో 37 డిగ్రీలు, ద్రావణంలో మందు ఎంతుందో కొలిచే యూవీ మెషీన్ ఉండే ఏసీ గదిలో 23. సంతృప్త ద్రావణాన్ని గాజు గొట్టంలో పట్టుకుని ఆ గదిలోకి నడిస్తే, వాకిలి దాటి కూర్చునేలోపే లోపల స్ఫటికాలు మొదలవుతాయి, రీడింగ్ తక్కువ వస్తుంది. షేకర్ పక్కనే వడకట్టి, అక్కడే పిపెట్‌తో తీసి, వెంటనే పలచన చేయండి. పిపెట్, ఫిల్టర్ కూడా ముందే వెచ్చగా ఉండాలి. ఇంకోటి, ఏప్రిల్‌లో "గది ఉష్ణోగ్రత వద్ద" అని రాసి వదిలేయకండి. ఫ్యాను కింద ల్యాబ్ 38 ఉంటుంది. థర్మామీటర్ చూసి అంకె వేయండి.

200 బిళ్ళలకు సరుకు

బిళ్ళ బరువు 650 మి.గ్రా., పంచ్ 12 మి.మీ., చదునుగా అంచు వాలు ఉన్నది.

పారాసెటమాల్ 100 గ్రా.
మొక్కజొన్న స్టార్చ్ 12 గ్రా.
మైక్రోక్రిస్టలిన్ సెల్యులోజ్ 8.4 గ్రా.
పీవీపీ కే-30 (బైండర్, అంటే పొడిని అతికించేది) 3.6 గ్రా.
సోడియం స్టార్చ్ గ్లైకొలేట్ (నీళ్ళలో ఉబ్బి బిళ్ళను విడగొట్టేది) 4 గ్రా.
టాల్క్ 1.2 గ్రా.
మెగ్నీషియం స్టియరేట్ 0.8 గ్రా.

మొత్తం 130 గ్రా. మొదటి నాలుగూ గ్రాన్యూల్ లోపలికి పోతాయి, చివరి మూడూ బయట కలుస్తాయి.

టాల్క్ గురించి ఒక మాట. చిన్నప్పుడు పలక మీద రాసిన బలపం రాయి ఇదే ఖనిజం. కర్నూలు, అనంతపురం ప్రాంతాల్లో దొరుకుతుంది కూడా. అలాగని ఊళ్ళో దొరికే రాతిపొడి వాడేయకూడదు. టాల్క్ ఉన్న నేలలో ఆస్‌బెస్టాస్ కూడా ఉండే అవకాశముంది. పులివెందుల ప్రాంతంలో ఆస్‌బెస్టాస్ నిక్షేపాలే ఉన్నాయి. డబ్బా మీద ఐపీ (భారత ఫార్మకోపియా) గ్రేడ్ అని, సర్టిఫికెట్‌లో ఆస్‌బెస్టాస్ లేదని ఉంటేనే వాడండి.

నీళ్ళ విషయంలోనూ అంతే. బైండర్‌కైనా బఫర్‌కైనా డిస్టిల్డ్ వాటరే. ఇక్కడి బోరు నీళ్ళలో ఉప్పులు ఎక్కువ. ఫాస్ఫేట్ బఫర్‌లో కాల్షియం చేరితే ద్రావణం మసకబారుతుంది, ఆ మసకను యూవీ మెషీన్ మందుగా లెక్కేసుకుంటుంది. డిసల్యూషన్ మెషీన్ తొట్టిలో కూడా బోరు నీళ్ళు పోయకండి. హీటర్ మీద సున్నం పేరుకుంటుంది.

తడి ముద్ద, ఆరబెట్టడం: బిళ్ళ తలరాత ఇక్కడే

పారాసెటమాల్, స్టార్చ్, సెల్యులోజ్ మూడింటినీ 40 మెష్ (అంగుళానికి 40 కన్నాలున్న) జల్లెడ పట్టి పది నిమిషాలు కలపండి. పీవీపీని 20 మి.లీ. నీళ్ళలో కరిగించండి. నీళ్ళను గిలకొడుతూ పీవీపీని కొంచెం కొంచెంగా చల్లాలి. పొడి మీద నీళ్ళు పోస్తే ఉండలు కట్టి అరగంటైనా కరగదు. ఈ ద్రావణాన్ని సన్న ధారగా పొడిలో పోస్తూ పిసకండి. పక్కన ఇంకో 8 మి.లీ. నీళ్ళు ఉంచుకోండి, అవసరమైతే చెంచాడు చెంచాడుగా వేయడానికి. ఎండాకాలంలో పిసికేటప్పుడే నీళ్ళు ఆవిరైపోతాయి, కాబట్టి వానాకాలంలో వాడినంతతో ఇప్పుడు సరిపోదు.

ఎప్పుడు ఆపాలో చేతికే తెలియాలి. గుప్పెట్లో పట్టి ఒత్తితే ముద్ద కావాలి. బొటనవేలితో మధ్యలో నొక్కితే రెండు ముక్కలుగా విరగాలి. ఇసుకలా రాలితే నీళ్ళు చాలలేదు. విరగకుండా సంగటి ముద్దలా సొట్టపడి వేళ్ళకు అంటుకుంటే నీళ్ళు ఎక్కువయ్యాయి. అలాంటి ముద్ద ఆరాక రాళ్ళవుతుంది, ఆ రాళ్ళు బిళ్ళలో చేరితే నీళ్ళలో వేసినా లోపల నాననే నానవు.

ముద్దను 12 మెష్ జల్లెడ మీద రుద్ది, ట్రేలో వేలి మందం కంటే పలచగా పరిచి 50 డిగ్రీల దగ్గర ఆరబెట్టండి. ఇక్కడ గడియారాన్ని నమ్మొద్దు. "గంటన్నర" అని మాన్యువల్‌లో ఉంటుంది. ఆ గంటన్నర వేరే ఊరిది. మధ్యాహ్నం గాలిలో తేమ 25 శాతం దగ్గరికో ఇంకా కిందికో పడిపోయే మన దగ్గర నలభై నిమిషాలకే పని అయిపోవచ్చు. ప్రతి పదిహేను నిమిషాలకు ఒకసారి ట్రే మూల నుంచీ మధ్య నుంచీ కలిపి 2 గ్రా. తీసి తేమ చూడండి. మాయిశ్చర్ బ్యాలెన్స్ 105 డిగ్రీల దగ్గర 2.000 గ్రా. కాస్తా 1.962 దగ్గర నిలబడితే తేమ 1.9 శాతం. 1.5 నుంచి 2.5 మధ్య ఉంటే చాలు, దించేయండి.

ఆ రెండు శాతం నీళ్ళు ఏం చేస్తాయో అర్థం కావాలంటే చెనిక్కాయల ఉండ పాకం గుర్తు తెచ్చుకోండి. పాకం లేతదైతే ఉండ చేతికి అంటుతుంది. ముదిరితే గాజులా పళ్ళకింద పటపటమంటుంది. పీవీపీ కూడా అలాంటిదే. కొంచెం నీళ్ళు ఉంటే మెత్తగా సాగి గ్రాన్యూల్‌కూ గ్రాన్యూల్‌కూ మధ్య అతుక్కుంటుంది. పూర్తిగా ఎండితే పెళుసవుతుంది, పంచ్ నొక్కినప్పుడు సాగకుండా పగులుతుంది, పంచ్ లేవగానే అతుకు విడిపోతుంది. 1 శాతం కంటే తక్కువ తేమ ఉన్న పారాసెటమాల్ గ్రాన్యూల్స్‌ను ఎంత నొక్కినా టోపీ ఊడుతుంది. సెప్టెంబరు వానల్లో కథ తిరగబడుతుంది. తేమ 3 దాటితే పంచ్ ముఖానికి పొడి అంటుకుని బిళ్ళ మీద గుంటలు పడతాయి.

ఎక్కువ ఎండిపోయిన గ్రాన్యూల్స్‌ను పారేయక్కర్లేదు. అలాగని నీళ్ళు చిలకరించకండి, చుక్క పడిన చోట ముద్ద, పక్కన పొడి అవుతుంది. డెసికేటర్ (గాలి చొరని మూత ఉన్న పాత్ర) అడుగున తేమ పీల్చే సిలికా తీసేసి, ఉప్పు కరగకుండా మిగిలేంత చిక్కటి ఉప్పునీళ్ళు పోయండి. లోపలి గాలి దాదాపు 75 శాతం తేమ దగ్గర నిలబడుతుంది. గ్రాన్యూల్స్‌ను పలచగా పరిచి పైన పెట్టండి. ఎప్పుడు తీయాలో తూకమే చెబుతుంది. 118 గ్రా. గ్రాన్యూల్స్ 0.8 శాతం తేమతో ఉంటే, 1.8కి రావడానికి 1.2 గ్రా. బరువు పెరగాలి. రెండు గంటలకోసారి తూచి, 119.2 కాగానే తీసి రెండు పాలిథిన్ కవర్లలో బిగించండి.

ఆరిన గ్రాన్యూల్స్‌ను 20 మెష్ జల్లెడ పట్టండి. కొంత 60 మెష్ జల్లెడలో వేసి ఊపి, కిందికి రాలిన నుసి ఎంతో చూడండి. 15 శాతం దాకా ఉంటే మంచిదే, గ్రాన్యూల్స్ మధ్య సందులు నింపుతుంది. 25 దాటితే క్యాపింగ్‌కు మీరే పిలుపు పంపినట్టు. బల్క్ డెన్సిటీ (వదులుగా పోసినప్పటి సాంద్రత), టాప్డ్ డెన్సిటీ (తట్టి కుదించాక సాంద్రత) కూడా ఇప్పుడే తీసుకోండి. కార్ ఇండెక్స్ (టాప్డ్ డెన్సిటీలో ఆ రెంటి తేడా ఎంత శాతమో) 15 లోపు ఉంటే హాపర్ (మెషీన్‌కు గ్రాన్యూల్స్ అందించే గరాటు) లోంచి బాగా జారుతుంది, 20 దాటితే బిళ్ళ బరువు ఆడుతుంది.

బయట కలిపేవి, స్టియరేట్ సంగతి

జల్లెడ దగ్గర, ట్రే దగ్గర కొంత పోతుంది. మొదటి నాలుగూ కలిపి 124 గ్రా. ఉండాలి. చేతికి 118 వచ్చింది అనుకుందాం. అప్పుడు చివరి మూడింటినీ అదే నిష్పత్తిలో తగ్గించాలి: గ్లైకొలేట్ 3.81, టాల్క్ 1.14, స్టియరేట్ 0.76 గ్రా. తగ్గించకుండా పూర్తిగా వేస్తే స్టియరేట్ పాలు పెరుగుతుంది, బిళ్ళలో మందు తగ్గుతుంది. చాలా ప్రాక్టికల్ రికార్డుల్లో ఈ ఒక్క లెక్కే ఉండదు.

గ్లైకొలేట్, టాల్క్ వేసి ఐదు నిమిషాలు కలపండి. స్టియరేట్‌ను 60 మెష్ జల్లెడ పట్టి చివర్లో వేసి రెండు నిమిషాలే కలపండి, మూడుకు మించొద్దు. అది సబ్బు జాతిది, నీళ్ళంటే పడనిది. కలిపేకొద్దీ పొరలు పొరలుగా విడిపోయి ప్రతి గ్రాన్యూల్‌కూ తొడుగులా పట్టేస్తుంది. డై గోడ మీద జారడానికి ఆ తొడుగు కొంచెం చాలు. ఎక్కువైతే గ్రాన్యూల్‌కూ గ్రాన్యూల్‌కూ మధ్యే జారుడు వచ్చి బిళ్ళ మెత్తబడుతుంది, నీళ్ళు లోపలికి దూరవు. సెల్యులోజ్, స్టార్చ్‌లాంటి సాగే పదార్థాలకు ఈ దెబ్బ గట్టిగా తగులుతుంది. డైకాల్షియం ఫాస్ఫేట్‌లాంటి పెళుసు పదార్థాలు నొక్కినప్పుడు పగిలి తొడుగు లేని కొత్త ముఖాలు బయటపెడతాయి కాబట్టి తట్టుకుంటాయి.

పంచ్ కింద జరిగేది

బల్క్ డెన్సిటీ మి.లీ.కి 0.5 గ్రా. అనుకోండి. 650 మి.గ్రా. పొడి అంటే 1.3 మి.లీ. 12 మి.మీ. డై వైశాల్యం 1.13 చ.సెం.మీ. కాబట్టి డైలో పొడి 11.5 మి.మీ. ఎత్తుంటుంది. దాన్ని 4.8 మి.మీ. బిళ్ళగా చేస్తున్నాం. బిళ్ళ ఘనపరిమాణం 0.54 మి.లీ., బయటికి పోవలసిన గాలి 0.76 మి.లీ. బిళ్ళ కంటే గాలే ఎక్కువన్నమాట. పంచ్‌కూ డైకీ మధ్య ఉన్న వెంట్రుకవాసి సందులోంచి ఆ గాలంతా పోవాలి. నుసి ఎక్కువుంటే ఆ దారి పూడుకుపోతుంది.

గాలి పోయాక గింజలు సర్దుకుంటాయి, తర్వాత వంగుతాయి, సాగుతాయి, పగులుతాయి. రెండు ముఖాలు నానోమీటర్ల దూరానికి వచ్చినప్పుడే అణువుల మధ్య ఆకర్షణ పట్టుకుంటుంది. బిళ్ళను నిలబెట్టేది ఎక్కువగా ఆ చిన్న ఆకర్షణలే. సెల్యులోజ్ సాగుతుంది, సాగి అలాగే ఉండిపోతుంది. మార్కెట్లో దొరికే పారాసెటమాల్ స్ఫటికం ఆ రకం కాదు. దాని అణువుల పొరలు ముడతల రేకుల్లా ఒకదానిలో ఒకటి ఇరుక్కుని ఉంటాయి, ఒకదాని మీద ఒకటి జారవు. చదునైన పొరలున్న ఇంకో రూపం ఉంది, అది బాగా నొక్కుడుపడుతుంది కానీ నిలకడ లేనిది, ల్యాబ్ డబ్బాలో దొరకదు. మన చేతిలో ఉన్నది కొంచెం పగులుతుంది, చాలావరకు స్ప్రింగులా వెనక్కి వస్తుంది.

ఆ వెనక్కి రావడమే క్యాపింగ్‌కు మూలం. పంచ్ లేచినప్పుడు బిళ్ళ పైకి ఉబ్బుతుంది, చుట్టూ డై గోడ మాత్రం ఇంకా పిండుతూనే ఉంటుంది. కింది పంచ్ పైకి నెట్టేటప్పుడు బిళ్ళ పైభాగం ముందు బయటపడి పక్కలకు విచ్చుకుంటుంది, కింది భాగం ఇంకా డైలోనే ఇరుక్కుని ఉంటుంది. ఆ రెంటి మధ్య కోత పడుతుంది, టోపీ అక్కడే ఊడుతుంది. బలం పెంచితే అతుకు కొంత పెరుగుతుంది, స్ప్రింగు అంతకంటే ఎక్కువ పెరుగుతుంది. వీల్ బిగించి క్యాపింగ్ ఆపలేకపోవడానికి కారణం ఇదే.

మెషీన్ మీద

ముందు చేత్తో తిప్పండి. కరెంటు పెట్టకముందు రెండు పూర్తి చుట్లు తిరగాలి, ఎక్కడా తగలకూడదు. బలం తక్కువ పెట్టి బరువు సరిచేయండి: పది బిళ్ళలు కలిపి 6.5 గ్రా. బరువు కుదిరాకే బలం పెంచాలి. బలం పెట్టాక బరువు మార్చితే పొడి ఎక్కువైన కొద్దీ బలం దానంతటదే పెరిగిపోతుంది, దేనివల్ల ఏం మారిందో తెలియకుండా పోతుంది. ఒక్కొక్క బిళ్ళ బరువు 650కి 5 శాతం అటూఇటూ, అంటే 617.5 నుంచి 682.5 మధ్య ఉండాలి. ఇరవైలో రెండు దాటొచ్చు, ఏ ఒక్కటీ 10 శాతం దాటకూడదు.

బలం చూపే సెన్సర్ ఉంటే 8 కిలోన్యూటన్ల దగ్గర మొదలుపెట్టి రెండేసి పెంచుతూ పోండి. 10 కిలోన్యూటన్లంటే ఈ పంచ్ మీద 88 మెగాపాస్కల్స్, 15 అంటే 133. సెన్సర్ లేకపోతే ఐఆర్ (ఇన్‌ఫ్రారెడ్) పరీక్ష కోసం పొటాషియం బ్రోమైడ్ బిళ్ళలు నొక్కే హైడ్రాలిక్ ప్రెస్‌తో ఒక అంచనా తీయొచ్చు. 12 మి.మీ. పంచ్, డై సెట్ పెట్టి, అర టన్ను, ఒకటి, ఒకటిన్నర, రెండు టన్నుల దగ్గర నాలుగేసి బిళ్ళలు నొక్కండి. ఒక టన్ను అంటే 9.81 కిలోన్యూటన్లు. ఒక్క జాగ్రత్త: హైడ్రాలిక్ ప్రెస్ పది సెకన్లు పట్టుకుని ఉంటుంది, మన తిరిగే (రోటరీ) ప్రెస్‌లో అది మిల్లీసెకన్ల పని. పంచ్‌లు తిరిగే వృత్తం వ్యాసం 230 మి.మీ., నిమిషానికి 30 చుట్లు, పంచ్ తల మీద చదును 10 మి.మీ. అనుకుంటే పూర్తి బలం నిలిచేది దాదాపు 28 మిల్లీసెకన్లు. 60 చుట్లకు పెంచితే 14. హైడ్రాలిక్‌లో చక్కగా వచ్చిన గ్రాన్యూల్స్‌కు రోటరీలో టోపీలు ఊడడానికి కారణం ఈ తేడానే.

హాపర్‌ను నిండా నింపి టీకి వెళ్ళకండి. ఎండాకాలంలో పైపొర అక్కడే ఎండిపోతుంది. గుప్పెడు గుప్పెడుగా వేస్తూ మూత పెట్టండి.

టోపీ ఊడితే ఈ వరుసలోనే చూడండి. మొదట హాపర్‌లోంచి 2 గ్రా. తీసి తేమ చూడాలి, ట్రేలో చూసిన అంకె చాలదు. అది బాగుంటే నుసి. అదీ బాగుంటే వేగం సగానికి తగ్గించండి. దానికీ లొంగకపోతే బలం తగ్గించండి. అవును, తగ్గించాలి. ఇవన్నీ అయ్యాక డైని దీపం ముందు పెట్టి లోపల చూడండి. ఏళ్ళతరబడి ఒకే ఎత్తులో నొక్కిన డైలో అక్కడ ఉంగరంలా అరుగుదల పడి ఉంటుంది. వెడల్పైన చోట తయారైన బిళ్ళ ఇరుకు మెడలోంచి బయటికి రావాలి, ఊడక ఏం చేస్తుంది? డైని తిరగేసి బిగించండి, లేదా నొక్కే చోటును కొంచెం పైకి జరపండి. ఒకటి రెండు స్టేషన్ల బిళ్ళలకే టోపీ ఊడుతుంటే మాత్రం ఈ వరుస వదిలేసి నేరుగా ఆ స్టేషన్ డై చూడండి.

"హార్డ్‌నెస్ 6" అంటే ఏమిటి?

బిళ్ళ ఎంత బలానికి విరుగుతుందో చూసే మాన్‌శాంటో టెస్టర్ మీద కనబడేది కిలోల బలం. దాన్ని చదరపు సెంటీమీటరుకు కిలోలు అని రాయడం మన రికార్డుల్లో పాతుకుపోయిన అలవాటు. అది ఒత్తిడి యూనిట్, ఈ టెస్టర్ ఒత్తిడిని కొలవదు. కిలోబలం అనో, 9.81తో గుణించి న్యూటన్లనో రాయండి.

బలం ఒక్కటే చెబితే బిళ్ళ గట్టిదో కాదో తెలియదు, ఎందుకంటే పెద్ద బిళ్ళ విరగడానికి ఎలాగూ ఎక్కువ బలం కావాలి. చదును బిళ్ళకైతే బలాన్ని రెండుతో గుణించి, పై (π, 3.14) × వ్యాసం × మందంతో భాగించండి. మన బిళ్ళ 110 న్యూటన్ల దగ్గర విరిగితే 220 ÷ (3.14 × 12 × 4.8), అంటే 1.2 మెగాపాస్కల్స్. 8 మి.మీ. వ్యాసం, 3 మి.మీ. మందం ఉన్న చిన్న బిళ్ళ 60 న్యూటన్లకే విరిగినా దాని దృఢత్వం 1.6. కిలోల్లో సగమే ఉన్నా అసలు గట్టిది ఆ చిన్నదే.

మందం కొలిచేటప్పుడు క్యాలిపర్‌తో ఇంకో పని చేయొచ్చు. ఈ ఫార్ములాలో ఘనపదార్థం మొత్తం కలిపి సుమారు 489 ఘన మి.మీ. ఉంటుంది. అంచు వాలును వదిలేస్తే 4.8 మి.మీ. మందమున్న బిళ్ళ ఘనపరిమాణం 543. అంటే పదో వంతు ఖాళీ. 4.6కి నొక్కితే ఖాళీ 6 శాతానికి పడిపోతుంది. పావు మిల్లీమీటరు కూడా లేని ఆ తేడాతో నీళ్ళు దూరే దారులు సగానికి దగ్గరగా మూసుకుపోతాయి. 8 నుంచి 10 శాతం ఖాళీ మిగిలేలా బలం ఉంచి, హార్డ్‌నెస్ చాలకపోతే తేమ దగ్గరికో బైండర్ దగ్గరికో వెనక్కి వెళ్ళడం మేలు. హార్డ్‌నెస్, మందం నొక్కిన వెంటనే ఒకసారి, 24 గంటలకు ఒకసారి కొలవండి. మందం ఎంత పెరిగిందో అంత స్ప్రింగు లోపల దాగి ఉన్నట్టు.

ఫ్రయబిలిటీకి (డ్రమ్ములో తిప్పితే బిళ్ళ ఎంత అరుగుతుందో చూసే పరీక్షకు) పది బిళ్ళలు, నిమిషానికి 25 చుట్లు, నాలుగు నిమిషాలు. 1 శాతానికి మించి అరగకూడదు. డ్రమ్ములో ఒక్క బిళ్ళకు టోపీ ఊడినా శాతం లెక్క అనవసరం, ఫెయిలే. డిసింటిగ్రేషన్ (బిళ్ళ ముక్కలుగా విడిపోవడం) 37 డిగ్రీల నీళ్ళలో 15 నిమిషాల లోపు. ఈ ఫార్ములాతో ఐదు నిమిషాలు దాటితే ఏదో తేడా ఉంది.

డిసల్యూషన్, నెపం ఎవరిదో తేల్చడం

1897లో రసాయన శాస్త్రవేత్తలు నోయిస్, విట్నీ మొదలుపెట్టిన సూత్రం ఇప్పటికీ పనికొస్తుంది. కరిగే వేగం రెండింటి మీద ఆధారపడుతుంది: నీళ్ళకు తగిలే ఉపరితలం ఎంత, సంతృప్తానికి ద్రావణం ఇంకా ఎంత దూరంలో ఉంది. పటికబెల్లం గడ్డ కన్నా పంచదార, పంచదార కన్నా దాని పొడి ముందు కరగడం మొదటిదానికి ఉదాహరణ. రెండోదానికి ఆటంకం రాకుండా, మందు మొత్తం కరగడానికి చాలే ద్రవానికి కనీసం మూడు రెట్లు ద్రవం పోస్తాం. 900 మి.లీ.లో 500 మి.గ్రా. పారాసెటమాల్‌కు ఆ ఇబ్బందే లేదు. కాబట్టి మన బిళ్ళలో తేలవలసింది ఉపరితలం సంగతే: బిళ్ళ ఎంత త్వరగా గ్రాన్యూల్స్‌గా, గ్రాన్యూల్స్ ఎంత త్వరగా గింజలుగా విడిపోతాయి?

అమెరికా ఫార్మకోపియా పద్ధతిలో పీహెచ్ 5.8 ఫాస్ఫేట్ బఫర్ 900 మి.లీ., ప్యాడిల్ (ద్రవాన్ని తిప్పే తెడ్డు) నిమిషానికి 50 చుట్లు, 30 నిమిషాలకు 80 శాతం కరగాలి, 243 నానోమీటర్ల దగ్గర రీడింగ్. ఐపీ ప్రకారం చేస్తుంటే బఫర్, తరంగదైర్ఘ్యం అందులో ఈ మందుకున్న మోనోగ్రాఫ్ (ప్రమాణాల పత్రం) లోవే తీసుకోండి, రెండూ కలపకండి. బఫర్‌ను వేడిచేసి వాక్యూమ్ కింద వడకట్టి గాలి తీసేయాలి. లేకపోతే బుడగలు బిళ్ళకు అంటుకుని నీళ్ళను దూరంగా పెడతాయి. మందు మొత్తం కరిగితే మి.లీ.కి 556 మైక్రోగ్రా. ఉంటుంది, అది నేరుగా చదవడానికి చాలా చిక్కన. నూరు రెట్లు పలచన చేస్తే అబ్సార్బెన్స్ 0.3, 0.4 మధ్య పడుతుంది. 30 నిమిషాల రీడింగ్ ఒక్కటే తీసి వదిలేయకుండా 5, 10, 15 దగ్గర కూడా తీయండి. తీసినంత బఫర్ అదే వేడితో తిరిగి పోసి, తీసేసిన మందును లెక్కలో కలుపుకోండి.

ఫెయిలైతే ఫార్ములా మార్చడానికి ముందు మూడు పాత్రలు పెట్టండి. ఒకదాంట్లో 500 మి.గ్రా. ఉత్త పారాసెటమాల్ పొడి, రెండోదాంట్లో స్టియరేట్ కలపని 620 మి.గ్రా. గ్రాన్యూల్స్, మూడోదాంట్లో బిళ్ళ. పొడే నెమ్మదిగా కరిగితే గింజ పెద్దది, లేదా పొడి తడవకుండా నీళ్ళ మీద తేలుతోంది. పొడి త్వరగా కరిగి గ్రాన్యూల్స్ ఆలస్యమైతే ముద్ద పిసికినప్పుడు నీళ్ళో బైండరో ఎక్కువైంది. గ్రాన్యూల్స్ దాకా బాగుండి బిళ్ళ దగ్గరే ఆగితే నాలుగో పాత్రలో అదే బిళ్ళను కల్వంలో మెల్లగా పగలగొట్టి వేయండి. పగిలింది జోరుగా కరిగితే బలం ఎక్కువైంది, ఖాళీలు మూసుకున్నాయి. పగిలాక కూడా ముక్కలు తడవకుండా తేలుతుంటే స్టియరేట్‌ను రెండు నిమిషాలకు బదులు పది నిమిషాలు కలిపి ఉంటారు.